పందొమ్మిదో ట్యూబు

1989 జూన్ 12వ తేదీన, ఇరవై నాలుగేళ్ళ వయసులో, మా పరిశోధనాసుపత్రి రక్తపరీక్షల విభాగంలో సహాయకురాలిగా అడుగుపెట్టిన పెద్దక్కగారు, ముప్పై ఆరు సంవత్సరాల అవిచ్ఛిన్న సేవ అనంతరం, ప్రధాన సాంకేతిక నిపుణురాలిగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. పై అధికారులమైన మేము సైతం ఆవిడను పెద్దక్క అనే పిలుస్తాము; అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ అవసరపడలేదు.

తొలి పదేళ్ళు రక్తం తీయడంలోనూ, తదుపరి కాలమంతా నమూనాలను భద్రపరచడంలోనూ ఆవిడది చెయ్యి తిరిగిన పనితనం. చంటిపిల్లల చేతిలో సైతం నరాన్ని ఒక్కసారికే దొరకబుచ్చుకునేవారు. పొగిడితే మాత్రం చిరాకుపడేవారు.

వైరస్ జ్వరం తగ్గాక కూడా కొందరిని నెలల తరబడి వదలని దిగులుకూ మతిమరుపుకూ శరీరంలో కారణాలేమిటన్న అధ్యయనం కొన్నేళ్ళ క్రితం మాకు అప్పగించబడింది. ఒంట్లో వాపు ఉన్నప్పుడు పెరిగే కొన్ని ప్రొటీన్లు బాధితుల రక్తంలో ఇంకా అధికంగా ఉన్నాయేమో చూడాలి. పోల్చడానికి ఆరోగ్యవంతుల రక్తం కావలసివస్తే, దూరం పోవడమెందుకని మా సిబ్బంది చేతులే చాపించాము. ఒంట్లో బాగుందా అని అందరినీ అడిగాము. మనసెలా ఉందని అడగాలని ఇంతమంది చదువుకున్నవాళ్ళలో ఒక్కరికీ తోచలేదు.

ఆ రోజుల్లోనే పెద్దక్కగారు తడబడసాగారు. రెండుసార్లు ట్యూబుల మీది చీటీలు తారుమారయ్యాయి. యంత్రం ముందు నిలబడి, ఎందుకు వచ్చారో మరచిపోయేవారు. వయసు మీదపడిందని తేల్చేసి, ఆవిడను స్టోర్సుకు బదిలీ చేయవలసిందిగా సిఫారసు రాసినది ఈ వ్యాసకర్తే. ఆ కాగితం పైకి వెళ్ళవలసిన వారంలోనే ఫలితాలు వచ్చాయి. ఆరోగ్యవంతుల వరుసలో పందొమ్మిదో ట్యూబు అంకెలు రోగుల అంకెలను మించిపోయాయి.

"చీటీ మారుంటుంది, తీసేద్దాం" అన్నారు అధ్యయనాన్ని నడుపుతున్న డాక్టరుగారు.

"మారలేదు సార్, అది నాదే" అన్నారు పెద్దక్క. "జ్వరం తగ్గి ఏడు నెలలైంది. అప్పట్నుంచీ పొద్దున్న లేస్తే చాలు, ఏడుపొస్తోంది. మా ఆయనక్కూడా చెప్పలేదు. నన్ను రోగుల్లో రాసుకోండి."

"అలా రాస్తే మిమ్మల్ని ఈ పనిలోంచి తప్పిస్తారమ్మా" అన్నారు డాక్టరుగారు.

"తప్పిస్తే తప్పించనివ్వండి. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళు చెప్పేదీ ఇదేగా. వాళ్ళ రక్తం తీసుకుని, నా సంగతి దాచుకోమంటారా?"

అంటూ చెయ్యి చాపారు. మళ్ళీ తీసిన రక్తంలోనూ అవే అంకెలు వచ్చాయి.

ఒక్క మనిషి రక్తంతో శాస్త్రం తేలిపోదు. అధ్యయనం ఇంకా సాగుతూనే ఉంది. కానీ మరునాడు సిబ్బందిని తిరిగి విచారించగా మరో ముగ్గురు నోరు విప్పారు. నేను నా సిఫారసు చింపేశాను. సిగ్గుపడ్డానని కూడా ఇక్కడే రాస్తున్నాను. నాలుగు నెలల సెలవు, చికిత్సల పిమ్మట ఆవిడ తిరిగి అదే బల్ల దగ్గరకు వచ్చి, ప్రతి చీటీనీ ఇద్దరు పైకి చదివే పద్ధతిని నెలకొల్పారు.

పెద్దక్కగారికీ వారి కుటుంబానికీ సంపూర్ణ ఆయురారోగ్యాలు సిద్ధించాలని మా విభాగం పక్షాన కోరుకుంటున్నాను. మనసు బాగులేని రోజు ఎవరికైనా వస్తుంది. అటువంటి రోజున ఆవిడ ఆ మాట మొట్టమొదట ఇంట్లోనే చెప్పుకోగలగాలనీ, విన్నవారు వయసైపోయిందని నాలాగా తేల్చేయకూడదనీ ఆకాంక్షిస్తున్నాను.