కాగితం మీది నష్టం

టైలరింగ్ షాపు మూసే వేళ. అక్క మిషన్ ముందు నుంచి లేవలేదు. తమ్ముడు ఒళ్లో షేర్ మార్కెట్ పుస్తకం పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

"ఏదీ, మళ్లీ చెప్పు. ఎంత పోయింది?"

"మొత్తం అక్కా. పెట్టిందంతా ఊడ్చుకుపోయింది."

"నవ్వుతావేంట్రా?"

"ఏడవాలా? కాగితం మీద లెక్కేగా. కొత్తవాడు ముందు కాగితం మీదే ఆడాలి, నిజం డబ్బు ముట్టకూడదు. ప్రతి పుస్తకంలోనూ మొదటి మాట అదే."

"ఇన్నాళ్లూ అన్నీ లాభాలే చెప్పావు కదరా. పొద్దున టిఫిన్ దగ్గర కూడా చెప్పావు, ఆ సిమెంటు కంపెనీ కాల్ ఆప్షన్ అమ్ముతున్నానని."

"అమ్మాను. ధర పెరిగినా ముందు అనుకున్న రేటుకే షేర్లిస్తానని, చేతిలో షేర్లు లేకుండానే అమ్మాను. అలా అమ్మితే ధర ఎంత పెరిగితే అంతా మన నెత్తినే. మధ్యాహ్నం ఏదో కబురొచ్చింది, ధర కొండెక్కింది."

"తెలిసి తెలిసి ఎందుకు అమ్మావు?"

"ఈ పాఠమే అది. మనిషి ఎలా మునుగుతాడో కాగితం మీద ఒక్కసారి మునిగి చూడమన్నాడు ఈ పుస్తకం రాసినాయన."

"నాకా ముక్క చెప్పలేదే."

"చెప్పబోయాను. కొలతలివ్వడానికి ఎవరో వచ్చారని సగంలోనే లేచి వెళ్లావు."

"పోనీ, నాలుగు రోజులు ఓపిక పడితే? దిగిరాదా?"

"దిగేదాకా ఎవరు ఆగనిస్తారు? ఖాతాలో డబ్బు చాలకపోతే బ్రోకరే ఆ నష్టానికే మన బేరం మూసి పారేస్తాడు."

"మూసేశాడు."

"ఏంటీ?"

"మూసేస్తాడా అంటున్నా."

"నీకెందుకక్కా ఈ గోల? ఈ గది ఖాళీ చేయమన్నప్పటి నుంచి నీకు కంటి మీద కునుకు లేదు. రేపు ఆ కొత్త గదికి అడ్వాన్స్ కట్టెయ్, హాయిగా పడుకో. ఓనరు ఎప్పుడొస్తాడు?"

"పొద్దున్నే."

"బావ కూడా ఉంటాడుగా?"

"మీ బావకి ఇంకా ఏం చెప్పలేదు."

"ఏం చెప్పలేదు?"

"ఏం లేదు. ఒరేయ్, నిజంగా మునిగినవాళ్లు ఏం చేయాలో నీ పుస్తకంలో రాశాడా?"

"ఈ పుస్తకాలు మొదలుపెట్టేవాళ్లకక్కా. మునిగినవాళ్ల సంగతి ఎవరు రాస్తారు? ఏమైంది అసలు?"

"నువ్వు టిఫిన్ దగ్గర చెప్పేవన్నీ నా ఫోన్లో నిజం డబ్బుతో పెడుతున్నానురా. ఇవాళ అడ్వాన్స్ మొత్తం పెట్టేశాను."