మాస్టారి పేరు మీద ఏడు సిమ్ములు

హలో… ఆ, నేనే, నీలార్‌ని. ఫోన్ల కొట్టులోనే ఉన్నా. చెప్పు యిన్ మోన్ అక్కా.

… ఏడవకు. నువ్వలా ఏడిస్తే నాకేం వినపడదు.

… నిజమే. పొద్దున ఏడింటికి పోలీసులు వచ్చి తీసుకెళ్లారు. మీ నాన్న అప్పుడే స్నానం చేసి లుంగీ ముడేసుకుంటున్నాడు. "ఉండండి బాబూ, కళ్లజోడు తెచ్చుకుంటా" అన్నాడు. తెచ్చుకోనిచ్చారు.

… లేదు, కొట్టలేదు. నేనక్కడే ఉన్నాగా. మర్యాదగానే మాట్లాడారు. నాకు దానికే భయమేసింది.

… ఆగు. ముందొక మాట. నువ్వు ఇప్పుడు మాట్లాడుతున్న సిమ్ము ఏది?

… పాతదేనా. అదీ మాస్టారి పేరు మీదిదే అక్కా, మీ నాన్న కార్డు మీద తీసిందే. ఆ ఏడింట్లో ఒకటి. ఇవాళ్టినుంచి ఏడూ వింటూ ఉంటారు. యాంగాన్‌లో ఇంకెవరిదన్నా ఫోన్ అడిగి మళ్లీ చెయ్.

… ఓ… ఫ్యాక్టరీ గేటు దగ్గర అందరివీ తీసేసుకుంటారా. మరి నీది ఎలా ఇచ్చారు?

… సూపర్‌వైజర్ పక్కనే నిలబడిందా. పది నిమిషాలేనా? సరే. అయితే పేర్లు అనొద్దు. ఎవరి పేరూ. నీకు తోచినా సరే అనొద్దు. మాటివ్వు.

… ఆఁ.

… ఏడు ఎలా అయ్యాయా? నీది కాక మిగతావి తీసేనాటికి నువ్వు ఊరు వదిలేశావు. సిమ్ము కావాలంటే గుర్తింపు కార్డు ఉండాలన్నారు. మనవాళ్లలో సగం మంది కార్డులు తుపానులో ఇళ్లతోపాటే పోయాయి. కొత్తవాటికోసం ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి విసిగిపోయారు. మీ నాన్నది రేకు పెట్టెలో ఉండి దక్కింది. "నాది రాసెయ్ నీలార్, కార్డేమన్నా అరిగిపోతుందా" అన్నాడు. రాసేశాను.

… తప్పే. తప్పని తెలిసే రాశాను. తిట్టు, పడతాను. కానీ పడవెక్కి వెళ్లిన మనిషి చేరాడో లేదో ఇంట్లోవాళ్లకి తెలియాలి కదా అక్కా.

… ఏం రాశారంటే… పెద్దగా ఏమీ లేదు. ఆ ఏడింట్లో ఒక సిమ్ము నుంచి నెట్‌లో ఒక ఫోటో పెట్టారు. సైన్యం లారీ. మన ఊరి పిల్లల్ని పదిమందిని సైన్యంలో చేర్చడానికి బలవంతాన ఎక్కించుకుపోయిందే, ఆ లారీ. "ఇది ఎటు పోయిందో చూసినవాళ్లు చెప్పండి, మావాడు ఇందులో ఉన్నాడు" అని రాశారు. అంతే.

… లారీ నంబరు కనపడుతోంది. వెనకాల వంతెన కనపడుతోంది. నెట్‌లో పెట్టేవన్నీ చూసే సర్కారు మెషీన్ ఉందిగా, అది పట్టుకుంది. ఏ సిమ్ము అని చూస్తే మీ నాన్న పేరొచ్చింది, ఊ సాన్ మ్యా, రిటైరైన టీచరు అని. "మెషీన్ పేరు చెప్తుంది, మేం ఆ ఇంటికి వస్తాం. మాకేం పగ లేదు" అన్నాడు వచ్చిన ఆఫీసరు.

… నేనూ అడిగాను. బిడ్డ ఏమయ్యాడని అడగడం నేరమా అని అడిగాను. "పోయినేడు రేవులో బాంబు పేలింది. దానికి ముందు కూడా ఎవరో ఇలాగే లారీ ఫోటో పెట్టారు. దీన్ని వదిలేశాక రేపు ఇంకోటి పేలితే నువ్వొచ్చి సమాధానం చెప్తావా" అన్నాడు. చేపలమ్మే డా ఖిన్ కాళ్లు రెండూ పోయాయి కదా అందులో. అప్పుడు నువ్వే అన్నావు, ఫోన్లు చూసుకోనీ, తప్పు చెయ్యనివాడికి భయమేంటి అని.

… దెప్పట్లేదు. నేనూ అదే అన్నాను. ఊరంతా అన్నారు. "ఏది తప్పో రాసేవాడు ఎవడో అది కూడా అడగండి" అన్నాడు మాస్టారు ఒక్కడూ. పెద్దాయన చాదస్తం అనుకున్నాం.

… ఇక్కడి స్టేషన్లోనే ఉన్నాడు. సాయంత్రం నాలుగింటి పడవకి పతేన్ టౌనుకి తీసుకెళ్తారట. పతేన్ పోయాడంటే కేసే. ఇక్కడుండగా అయితే… "రాసింది ఎవరో చెప్పు, ఇంటికి పో" అన్నారట.

… చెప్పలేదు. తనే రాశానన్నాడు. "అయితే ఒక ముక్క రాసి చూపించు తాతా" అని ఫోన్ చేతికిచ్చారట. తలకిందులుగా పట్టుకున్నాడట అక్కా. ఎక్కడ నొక్కాలో తెలియక, పలక ఉంటే తెండి, రాస్తానన్నాడట. పోలీసులే నవ్వారట.

… నువ్వు కూడా నవ్వావు. నవ్వు, పర్లేదు.

… వద్దు. నన్నడక్కు.

… నాకు తెలుసు, వింటే విననీ. ఏ సిమ్ము ఎవరి దగ్గరుందో నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? రాసుకున్న పుస్తకం పొద్దున పొయ్యిలో పెట్టేశాను. ఎలకలు కొట్టేశాయని చెప్పాను. రేపు మళ్లీ వస్తామన్నారు.

… మీ నాన్న ప్రాణం నాకు లెక్కలేదనా? అను. ఆయన దగ్గర అక్షరాలు దిద్దుకున్నదాన్ని. సిమ్ములమ్ముకునే దానికి మనసెక్కడిది అని కూడా అను.

… ఆయన ఆయాసం సంగతి నాకూ తెలుసు. పీల్చే మందు పట్టుకెళ్లి ఇచ్చాను. తీసుకున్నారు. ఆయనదాకా చేరిందో లేదో తెలియదు.

… పేరు చెప్తే వదులుతారని నువ్వు నమ్ముతున్నావు. ఆ మనిషికి మాత్రం ఇల్లు లేదా అక్కా? పోయినవాడు పోగా ఇంకా ఇద్దరు చిన్నపిల్లలున్నారు. తనే వెళ్లి ఒప్పుకుంటానంది. నేను ఆపాను. మాస్టారు కూడా ఆ మనిషికి కబురు పెట్టాడు, నోరు విప్పావంటే నీ ముఖం చూడనని.

… ఆ మనిషి అంత పాషాణమేం కాదు. నువ్వు ఊరికే అనకు. పొద్దున్న మీ నాన్నని తీసుకెళ్లిన గంటలోనే మొహింగా గిన్నె పట్టుకుని స్టేషన్‌కి పరిగెత్తింది. చేపపులుసు చల్లారితే ఆయన తినడని గిన్నెకి తువ్వాలు చుట్టుకుని. మీ అమ్మ పోయినప్పటినుంచీ ఆయనకి పొద్దున తిండి ఆ చేతిదే కదా—

… అక్కా!

… పేరు అనొద్దన్నాను కదా.

… కాదు. ఆవిడ కాదు. నేను చెప్తున్నది వేరే మనిషి. మొహింగా వండేవాళ్లు ఊళ్లో ఎంతమంది లేరు…

… మళ్లీ అంటావేంటి! ఊరుకో. దండం పెడతా, ఊరుకో.

… నిన్ననను. నోరు జారింది నేను. పుస్తకం కాల్చాను గానీ నోరు కట్టేసుకోలేకపోయాను.

… వినలేదేమో అంటావా. ఇన్ని లక్షలమంది మాటలు ఎవరు కూర్చుని వింటారు అంటావా. ఏమో. వినేది మనిషైతే అలాగే అనుకోవచ్చు.

… నాన్నని వదులుతారా అంటే… తెలియదక్కా. ఇద్దర్నీ ఉంచుకుంటారేమో. రాసినందుకు ఒకర్ని, దాచినందుకు ఒకర్ని. నన్నూ కలిపి ముగ్గురం కావచ్చు.

… ఏం చెయ్యాలో నాకూ తెలియట్లేదు. ఇప్పుడే వెళ్లి పారిపొమ్మని చెప్పాలా? పిల్లలతో ఎటని పోతుంది? పోతే తనే చేసిందని తేలిపోతుంది. చెప్పకుండా ఉంటే, ఈ పూటన్నా పిల్లలతో కూర్చుని అన్నం తింటుంది. నువ్వైతే ఏం చేస్తావు?

… అక్కా?… యిన్ మోన్ అక్కా?

… ఎవరండీ?… ఓ. సూపర్‌వైజర్ గారా. … కింద కూర్చుండిపోయిందా. కాసిని నీళ్లివ్వండి. ఇవాళ కుట్టుమిషన్ మీద కూర్చోబెట్టకండి, వేలు కుట్టేసుకుంటుంది.

… లేదండీ, ఇంక చెప్పేదేం లేదు. … ఒక్క మాట. ఇందాక తనొక పేరు అంది. మీరు విన్నారా?

… విన్నారా.

… మర్చిపోండి. మీరైతే మనిషి కదా, మర్చిపోగలరు.

… సరేనండీ. పెట్టేస్తున్నాను. నేనొక ఇంటికి వెళ్లాలి.