దసరా సంతకం

ఆదిలాబాద్‌లో పత్తి మిల్లు వెనుక గల్లీ. మిల్లు మేస్త్రీ సదానందం గడపలో నిలబడి ఉన్నాడు. లోపల జమున భర్త హనుమండ్లు, కట్టు కట్టిన మొండిచేయి ఎదమీద పెట్టుకొని, గోడవైపు తిరిగి పడుకున్నాడు. సదానందాన్ని చూస్తుంటే జమునకు రోత పుడుతోంది.

“గా మిఠాయి డబ్బా బయటనే పెట్టు, సదన్నా. ఇంట్లకు తేకు.”

“మిల్లు సేటు పంపిండు, జమునా. హనుమండ్లు ఎట్లున్నడో చూసి రమ్మన్నడు.”

“చూసినవ్ గద. కుడిచెయ్యి మణికట్టు కాడికి లేదు. పోయి చెప్పు.”

“గట్లంటే ఎట్ల, చెల్లే. కూసోమని సుత అనవైతివి.”

“వచ్చిన పని చెప్పు.”

“గా లేబర్ ఆఫీసుల కేసు… జర వాపస్ తీస్కో. సేటే ఏదన్న చూస్తడు. నేను మాటిస్తున్న.”

“నువ్విస్తవా. మాట.”

“ఇరవై ఏండ్లాయె నేను గా మిల్లుల. సేటు నన్ను ఇంటి మనిషి లెక్క చూస్తడు. నా మాట తీసెయ్యడు.”

“పనిల ఉండంగ చెయ్యి పోతే మిల్లోళ్లే పరిహారం కట్టాలె. కానూన్ ఉన్నది. సేటు చూసుడేంది?”

“కానూన్ లేదని నేనంటలే. గని గప్పుడు హనుమండ్లు పనిల ఉండాలె గద. ముందటి దినమే రాజీనామా ఇచ్చిండట.”

“ఇచ్చిండట. నీ ముంగటనే రోలర్ల చెయ్యి పడె. నీ నోటితోని ‘ఇచ్చిండట’ అంటున్నవ్.”

“నేను… నేను సరిగ చూడలే.”

“మరి స్విచ్ ఎవలు బంద్ చేసిన్రు?”

“ఏమో. మస్తు మంది ఉండె.”

“నువ్వే ఉరికొచ్చి బంద్ చేసినవని మా ఆయన చెప్పిండు. లేకుంటె మోచెయ్యి దాక పోవునట.”

“యాదికి లేదు, జమునా.”

“యాదికి లేదు. ఛీ.”

“సంతకమైతే ఆయనదే గద, కాయితం మీద.”

“ఎప్పటి సంతకం అది? దసరనాడు మిషన్లకు పూజ చేసి, డబ్బా చేతుల పెట్టి, తెల్ల కాయితం మీద పెట్టించుకున్న సంతకం. పెట్టించిందెవలు?”

“అది… మిఠాయి ముట్టిందని. ఏటేట పెట్టుడే. అందరు పెడ్తరు.”

“తెల్ల కాయితం మీదనా?”

“సేటు పైన రాసుకుంటనన్నడు.”

“మంచిగనే రాసుకున్నడు. నీకు ఎర్కనే గద, అన్నా.”

“నాకేం ఎర్క. నేను… జరంత ఎర్క. ఎవలన్న కిరికిరి చేస్తే బెదిరియ్యనీకె అనుకున్న. గిట్ల వాడుతడనుకోలే.”

“నీ మొఖం చూడబుద్ధయితలేదు నాకు. నా చేతి బువ్వ ఎన్నిసార్లు తిన్నవ్ నువ్వు.”

“తిట్టు. ఎంతన్న తిట్టు గని కేసు వద్దు. కేసు నడిస్తే నన్ను సాక్షికి పిలుస్తరు. ఇంక రెండేండ్లల్ల నేను దిగిపోవాలె. ఇరవై ఏండ్ల గ్రాట్యుటీ, గదొక్కటే ఉన్నది నాకు. నా నోట్లె మన్ను కొట్టకు.”

“గీ కాయితాలు చూసినవా?”

“ఏంటియి?”

“సేటు వకీలు ఆఫీసుల పెట్టిన జవాబు. ఒక నకలు నాకియ్యాలెనట, ఇచ్చిన్రు. గా దినం మిల్లే నడువలేదట. ముందటి దినమే అందరు రాజీనామా ఇచ్చిన్రట. అందరియి పెట్టిండు, ముప్పై నాలుగు.”

“అందరియా?”

“అన్నిటికంటె మీదున్నది సదువు.”

“అద్దాలు తేలే.”

“నేను సదువుతా. ‘గుండేటి సదానందం, మేస్త్రీ. నా సొంత ఇష్టంతో ఉద్యోగం మానుకుంటున్నాను. నాకు రావలసినవన్నీ ముట్టినవి.’ కింద నీ సంతకం.”

“ఇటియ్యి. ఇటియ్యి చూస్త.”

“నీదేనా?”

“దసరనాడు… మంది ఎనకముందాడుతున్నరని, చూపెట్టనీకె ముందుగాల నేనే పెట్టిన.”

“మరి ఇంక నువ్వు సుత గా దినం మిల్లుల లేవు, సదన్నా. నీ ఇరవై ఏండ్ల గ్రాట్యుటీ సుత ముట్టిందట.”

“జమునా.”

“ఏంది?”

“స్విచ్ నేనే బంద్ చేసిన. కేసు పేషీ ఏ తారీకు?”

“పదారో తారీకు. మా ఆయన చెయ్యి చూస్తే యాదికి రాలే నీకు, నీ కాయితం చూస్తే వచ్చింది.”