బాణం ఎటో నీళ్ళటు

పంపు బాగుచేయడానికి వచ్చిన మనిషి పంపు పక్కన ఉండాలి, టీ కొట్టు బెంచీ మీద కాదు. ఈ పాటి సంగతి చెప్పడానికి టీ కొట్టావిడ పొద్దుటి నుంచి నాలుగుసార్లు నోరు తెరిచింది. నాలుగుసార్లూ పంపుల బాబాయ్ "ఒక్క టీ ఇయ్యమ్మా, చెప్తా" అని ఆమె నోరు మూయించాడు.

అసలు ఆవేళ ఎలాంటి రోజు! కొట్టుకి ఎదురుగా ఉన్న విశ్వవిద్యాలయంలో పదకొండింటికి ప్రొఫెసర్ల సమావేశం. నూట ఇరవై టీలు కావాలన్నారు. ఎనిమిదేళ్ళుగా ఆ గేటు ముందే పొయ్యి వెలిగిస్తున్నా, లోపలి నుంచి ఆమెకి ఆర్డరు రావడం ఇదే మొదటిసారి. వేళకి అందిందా, ఇకమీదట ప్రతి సమావేశానికీ ఆమె టీయే వెళ్తుంది. అందలేదా, లోపలి క్యాంటీనువాడు "రోడ్డు పక్క కొట్టుని నమ్ముకుంటే అంతే మరి" అంటాడు, ఆ మాట ఆమె జన్మంతా వినాలి. సరిగ్గా ఆ రోజే, నేల తొట్టిలోంచి పైకప్పు మీది ట్యాంకుకి నీళ్ళెక్కించే పైపు కారడం మొదలెట్టింది. బాబాయ్ వచ్చాడు, విప్పాడు, కారుతున్న వాల్వు తీసేసి కొత్తది బిగించాడు. ఇప్పుడు కారడం లేదు, నిజమే. నీళ్ళే రావడం లేదు.

"మోటారు వేడెక్కిందమ్మా, చల్లారనీ" అని స్విచ్చి ఆపేసి, తన తుడుపు గుడ్డ ఆ పైపు మీదే ఆరేసి, నిమ్మకు నీరెత్తినట్టు వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. గడియారం పావుతక్కువ పది చూపిస్తోంది. కొట్టులో మిగిలినవి రెండు బకెట్ల నీళ్ళు. ఆయన తాగే టీలు కూడా అందులోంచే.

పోనీ, బెంచీ మీద పేపరు చదువుకుంటున్న రిటైరైన గుమాస్తా అయినా ఊరుకున్నాడా? ముప్పై ఏళ్ళు ఆ విశ్వవిద్యాలయంలోనే ఫైళ్ళు మోసిన మనిషి, కాస్త తెలివిగా మాట్లాడాలి కదా. కళ్ళజోడు సర్దుకుని, "రోడ్డు దాటితే పంపుల మీద పాఠాలు చెప్పే ప్రొఫెసర్లే ఉన్నారు, ఒకర్ని పిలిస్తే పోలా?" అన్నాడు. అంతే, కొంప మునిగింది.

"ప్రొఫెసర్లా!" అన్నాడు బాబాయ్, గ్లాసు కింద పెట్టి. "ప్రొఫెసర్ల సంగతి నన్నడగండి గుమాస్తాగారూ. పన్నెండేళ్ళ కిందట, ఇదే గేటు, వాళ్ళ ప్రయోగశాలలో పంపు మొరాయించింది. చిన్న పంపు, అబద్ధం ఎందుకు చెప్పాలి, ఈ కొట్టు పంపంత కూడా ఉండదు. నీళ్ళ ప్రొఫెసరుగారు దాని చుట్టూ ప్రదక్షిణాలు చేస్తున్నాడు. ఆయన పంపుల మీద మూడు పుస్తకాలు రాశాడు, ఒక్కోటీ దిండంత. ఆ మూడూ తెరిచి పెట్టుకుని ఇందులో చూస్తాడు, అందులో చూస్తాడు, పంపు కేసి మాత్రం చూడడు. నేను వెళ్ళి పైపుకి చెవి ఆనించి విన్నాను. 'అయ్యా, వాల్వు తిరగేసి బిగించారు' అన్నాను. తెల్లమొహం వేశాడు! వాల్వు మీద బాణం గుర్తుంటుందండీ, నీళ్ళు ఎటు పోవాలో అటు చూపిస్తుంది. మా అమ్మాయికి ఎనిమిదో ఏటే పాట కట్టి నేర్పాను నేను. 'బాణం ఎటో నీళ్ళటు, నీళ్ళు ఎటో ట్యాంకటు, చూడకుండా బిగిస్తే నీ తలకాయ ఎటు?' అంత లావు పుస్తకాలు రాసినాయనకి ఇంత బాణం కనపడలేదు, చూడండి మరి!"

ఇక్కడిదాకా టీ కొట్టావిడకి కూడా నమ్మబుద్ధి వేసింది. ఇక్కడితో ఆపి ఉంటే బాబాయ్ పెద్దమనిషి అనిపించుకునేవాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పంపు పనిచేసింది, కథ అయిపోయింది," అందావిడ. "ఇక లేచి నా పంపు చూడు బాబాయ్, నీకు పుణ్యముంటుంది."

"పనిచేసింది అంటే చాలా? వాల్వు ఇలా తిప్పానో లేదో, నీళ్ళు అలా లేచాయి! పైకప్పుకి తగిలాయి. పైకప్పు లేచింది. రెండో అంతస్తులో తత్వశాస్త్రం ప్రొఫెసరు కుర్చీతో సహా మూడో అంతస్తుకి వెళ్ళిపోయాడు, ఆయన పాఠం ఆపితే ఒట్టు, పిల్లలు కూడా తేడా కనిపెట్టలేదు."

"అబ్బో! తర్వాత?" అన్నాడు పక్క కొట్టు టైలరు, కత్తెర చేతిలో పట్టుకుని. కుట్టాల్సిన బట్టలు గుట్టగా పడి ఉన్నా ఈయనకి కథ కావాలి. ఇలా 'తర్వాత తర్వాత' అనేవాళ్ళు లేకపోతే బాబాయ్ లాంటివాళ్ళు ఎప్పుడో బాగుపడేవాళ్ళని టీ కొట్టావిడ పళ్ళు నూరుకుంది.

"తర్వాతేముంది తమ్ముడూ, ఊరంత వరద! ఆట స్థలం చెరువైపోయింది. ఈత నేర్పే ప్రొఫెసరు ఉన్నాడు, ఈత మీద ఆయన చెప్పని మాట లేదు, చేతులు ఎలా వేయాలో నల్లబల్ల మీద నలభై బొమ్మలు గీస్తాడు. ఆయనే ముందు మునిగాడు! జుట్టు పట్టుకుని లాగుదామంటే బట్టతల. చెవి పట్టుకుని ఒడ్డుకి తెచ్చాను. మందుల ప్రొఫెసరు వచ్చాడు, మోకాలు గీసుకుపోతే తన రక్తం తనే చూసుకుని కళ్ళు తిరిగి పడిపోయాడు. మొక్కల ప్రొఫెసరు కుండీలు నెత్తిన పెట్టుకుని పరిగెత్తాడు, చూద్దును కదా, అన్నీ ప్లాస్టిక్ మొక్కలే!"

"ముప్పై ఏళ్ళు నేనక్కడే ఉన్నాను," అన్నాడు గుమాస్తా. "ఈ వరద నాకు తెలియదేం?"

"ఆవేళ మీరు సెలవులో ఉన్నారు."

"ఏ వేళ?"

"అదే, ఆవేళే."

చెప్పేవాడికి వినేవాడు లోకువ. గుమాస్తా పేపరు వెనక్కి వెళ్ళిపోయాడు. పది గంటలు కొట్టింది. టీ కొట్టావిడ తల ప్రాణం తోకకొచ్చింది. బాబాయ్ ఐదో టీ అడిగాడు. ఆమె గ్లాసు ఆయన ముందు ఎంత గట్టిగా పెట్టిందంటే సగం బెంచీ మీద ఒలికింది, అయినా ఆయనకి అర్థం కాలేదు. ఇలా కాదని కొట్టు వెనక్కి వెళ్ళి, ఫోను తీసి బాబాయ్ కూతురికి చేసింది. ఆ పిల్లదీ తండ్రి పనే, రెండు వీధుల అవతల ఎవరింట్లోనో పైపులు బిగిస్తోంది.

సంగతి సగం చెప్పేసరికే కూతురు అడిగింది. "అక్కా, మా నాన్న చెయ్యి పెట్టారా?"

"పెట్టాడమ్మా."

"వస్తున్నా."

ఆవిడ ముందుకి వచ్చేసరికి వరద ఇంకా తగ్గలేదు.

"విశ్వవిద్యాలయం పెద్దాయన పడవ మీద వచ్చాడు. 'నాయనా, మా నూట ఇరవై మంది ప్రొఫెసర్లూ పడవలో కూర్చుని ఈ నీళ్ళు ఎందుకొచ్చాయని చర్చిస్తున్నారు, ఎలా పోతాయో నువ్వు చూడు' అన్నాడు. నేను చూశాను. బొటనవేలు పెట్టి పైపు మూశాను. మూడు రోజులు! తిండీ అక్కడే, నిద్రా అక్కడే."

"బొటనవేలితోనే?" టైలరు తన వేలు చూసుకున్నాడు.

"ఎడమ చేతిది. కుడి చేత్తో అర్జీల మీద సంతకాలు పెడుతున్నాను, 'మాకు మీరే పాఠాలు చెప్పాలి' అని పిల్లలు వరసలో నిలబడ్డారు. నాలుగో రోజు ఏమైందో తెలుసా? ఇలా కాదని పంపుని వెనక్కి తిప్పాను. లాగింది! ఆట స్థలం నీళ్ళు లాగింది, వీధుల్లో నీళ్ళు లాగింది, బావులు లాగింది, చివరికి ఆకాశంలో ఒక మబ్బు పోతుంటే దాన్ని కూడా తోకపట్టి లాగేసింది. తర్వాత రెండేళ్ళు వానలు లేవు, గుర్తుందా? జనం ఏవేవో కారణాలు చెప్పారు. అదీ అసలు సంగతి."

"ఆ రెండేళ్ళూ కుండపోత కదయ్యా!" పేపరు వెనక నుంచి గుమాస్తా.

"మబ్బుని మళ్ళీ వదిలాను కదండీ! పెద్దాయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. 'ఇంతటివాడు బయట ఉండటమేమిటి, ప్రొఫెసర్ల మధ్య నీకూ ఒక కుర్చీ వేస్తాం, వచ్చి కూర్చో' అన్నాడు. నేనేమన్నానో తెలుసా? 'అయ్యా, నోటితో పని చేసేవాళ్ళ మధ్య చేత్తో పని చేసేవాడు కూర్చోకూడదు' అన్నాను. కుర్చీ వేసిందీ నిజం, నేను కూర్చోనిదీ నిజం. ఇప్పటికీ ఆ కుర్చీ అక్కడే ఖాళీగా ఉంది, ఎవరూ కూర్చోరు, దుమ్ము మాత్రం రోజూ తుడుస్తారు."

టైలరు చప్పట్లు కొట్టబోయాడు, చేతిలో కత్తెర ఉందని ఆగాడు. అప్పుడే స్కూటరు వచ్చి ఆగింది. కూతురు దిగింది, పనిముట్ల సంచీ భుజాన వేసుకుంది, తండ్రి కేసి ఒక్కసారి చూసింది. తిన్నగా పంపు దగ్గరికి వెళ్ళి స్విచ్చి వేసి విన్నది. మోటారు రొద పెట్టింది. వెంటనే ఆపేసింది.

"నాన్నా," అని కేకేసింది, "చిన్నప్పుడు నాకు నేర్పావే, ఆ పాట ఒకసారి పాడు."

బాబాయ్ మొహం వెలిగిపోయింది. "చూశారా, ఇప్పటికీ నా పాటే!" అని బెంచీ మీద నిటారుగా కూర్చుని గొంతెత్తాడు. "బాణం ఎటో నీళ్ళటు! నీళ్ళు ఎటో ట్యాంకటు! చూడకుండా బిగిస్తే..."

కూతురు పైపు మీది తుడుపు గుడ్డ తీసింది. కొత్త వాల్వు నిగనిగలాడుతోంది. దాని మీది బాణం, ఇంత లావున, నేల తొట్టి కేసి చూస్తోంది.

"నీ తలకాయ ఎటు?" అని పాట పూర్తిచేశాడు గుమాస్తా, పేపరు మడిచి.

"కంపెనీవాడు బాణం తప్పు వేసుంటాడు," అన్నాడు బాబాయ్, కానీ ఆ గొంతులో వరద లేదు, కనీసం చుక్క నీళ్ళు లేవు. పన్నెండేళ్ళ కిందట వాల్వు తిరగేసింది ఎవరో ఇప్పుడు టీ కొట్టావిడకి అనుమానంగా ఉంది.

కూతురు ఆయన్ని ఒక్క మాట అనలేదు. పైపు విప్పుతూ ఆ పాటే సన్నగా పాడుకుంది. ఏ బోల్టు ముందు వదులు చేయాలో, నీళ్ళు కారకుండా దారం ఎన్ని చుట్లు చుట్టాలో, ఎంతవరకు బిగించి ఆపాలో, ఒక్కోదానికి ఒక్కో చరణం ఉంది. చేతులు పాటని అనుసరించి వెళ్తున్నాయి. పది నిమిషాల్లో వాల్వు తిరిగింది. స్విచ్చి వేసింది. పైన ఖాళీ ట్యాంకులో మొదటి నీళ్ళు దబదబమని పడ్డాయి, ఆ చప్పుడు వినగానే టీ కొట్టావిడకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఇంత బాగా ఎవరు నేర్పారమ్మా నీకు?" అంది, పెద్ద గిన్నె కొళాయి కింద పెడుతూ.

"మా నాన్నే అక్కా. ఆయన నేర్పినట్టు ఎవరూ నేర్పలేరు. ఈ వీధుల్లో పైపులు బిగించేవాళ్ళలో సగం మంది ఈ పాటలు పాడుకుంటూనే పని చేస్తారు." సంచీ భుజాన వేసుకుని గొంతు తగ్గించింది. "చెయ్యి మాత్రం పెట్టనివ్వకండి."

పదకొండుకి ఐదు నిమిషాలుండగా నూట ఇరవై టీలు పొగలు కక్కుతూ ట్రేల్లోకి చేరాయి. ఎదురుగా గేటు తెరిచారు. బాబాయ్ ఇంకా బెంచీ మీదే ఉన్నాడు, ఖాళీ గ్లాసులోకి చూసుకుంటూ, ఇంకో టీ కూడా అడగకుండా. ఆయన్ని అలా చూస్తే టీ కొట్టావిడ కోపం సగం దిగిపోయింది. మిగతా సగం మాత్రం ఉంది. ఒక ట్రే తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది.

"లే బాబాయ్. ఇది లోపలికి పట్టుకెళ్ళు."

"నేనా? ఆ ప్రొఫెసర్ల మధ్యకా?"

"నువ్వే. టీలు ఇచ్చేసి అక్కడే కూర్చో," అంది ఆవిడ. "నీ కుర్చీ ఖాళీగానే ఉందిగా."