ముందు ముల్లును అనుమానించు

అయ్యలారా, అమ్మలారా, ఎండనబడి వచ్చిన నా బిడ్డలారా! గురజాల నుంచి వచ్చినవాళ్లున్నారు, కారంపూడి నుంచి బస్సెక్కి వచ్చినవాళ్లున్నారు. మన రేడియో ఇంజనీరు నెహెమ్యాను పోయిన ఆదివారం మట్టిచేసి వచ్చాం. ఆ బాధ అందరికీ ఉంది, కాదనను. కానీ ఒక్క మాట అడుగుతా. పందిట్లో అడుగుపెట్టాక అతని పటాన్ని చూశారా, వెనక కొట్టు అరలో మీరు బాగుకిచ్చిన రేడియోలను చూశారా? నేను గమనిస్తూనే ఉన్నా. పటానికి దండం పెడుతూనే కొందరి కన్ను అర మీదికి పోయింది.

నాకు సభలో మాట్లాడటం రాదు. నా చదువు బైబిలు కూడబలుక్కునేంతవరకే. ఈ మైకు ఇస్మాయిల్ పెట్టాడు. కరెంటు కొడుతుందేమోనని ఎడంగా నిలబడ్డా. వినపడకపోతే చెయ్యెత్తండి. ఆ మూల పందిరి గుంజ ఊగుతోంది. దాని కింద కూర్చున్నాయన కాస్త ఇటు జరగండి, మీద పడుద్దేమో.

నన్నెందుకు మాట్లాడమన్నారో కొత్తవాళ్లకు తెలియాలి. నా పేరు మణెమ్మ. ఈ కొట్టు పక్కిల్లు నాది. మాచర్ల బజారులో నా అంత అనుమానం మనిషి లేదంటారు. నిజమే. నమ్మి చెడినవాళ్లు లేరని పెద్దలంటారు. ఏమో, నేను చానామందిని చూశా.

నెహెమ్యా మద్రాసులో రేడియో చదువు చదువుకొచ్చి ఇక్కడ కొట్టు పెట్టిన రోజుల్లో రేడియో అంటే బియ్యం డబ్బా అంత ఉండేది. బాగుకు తెచ్చినవాళ్లు ఇచ్చిపోయేవాళ్లు కాదు. కంసాలి ముందు కూర్చున్నట్టు ఎదురుగా బల్ల మీద కూర్చుని, కళ్లప్పగించి చూసేవాళ్లు. లోపలి మంచి సరుకు పీకి పాతది పెడతాడని భయం. ఆ భయం తప్పా? బంగారానికి లేని తప్పు రేడియోకు ఎందుకుంటుంది? నెహెమ్యా కూడా తప్పనలేదు. రేడియో వీపు బల్ల వైపుకు తిప్పి, మూత తీసి, అందరూ చూస్తుండగానే పని చేసేవాడు. మాడిన వాల్వును, అదే లోపల వెలిగే గాజు బుడ్డిని, కాగితంలో చుట్టి సొంతదారు చేతిలో పెట్టేవాడు.

గురజాలలో బట్టల కొట్టు చలమయ్య గారికి కూర్చునే తీరిక ఏది? ‘మణెమ్మా, నువ్వు చూస్తుండు. నీ కన్నుగప్పి ఈగ కూడా పోదు’ అని నన్ను బల్ల మీద కూర్చోబెట్టి వెళ్లాడు. ఇక అదే అలవాటైంది. ‘మణెమ్మ కూర్చుందా? అయితే ఇచ్చి పోదాం పద.’ ఊరంతా వెక్కిరించిన నా అనుమానం ఆ కొట్టుకు కాపలా అయింది.

వాల్వుల కాలంలో నా పని తేలిక. వెలిగితే బతికున్నట్టు, వెలగకపోతే చచ్చినట్టు. లోపలికి గాలి దూరితే గాజు బుడ్డి పాలు పోసినట్టు తెల్లబడేది. చదువు లేని నా కంటికీ తెలిసేది.

ఆ తర్వాత ట్రాన్సిస్టర్ వచ్చింది. సాగరు డ్యాం పనికొచ్చిన సార్ల చేతుల్లో మొదట చూశాం. రేడియో మొత్తం చేతిసంచిలో పట్టేది. వాల్వు ఉండాల్సిన చోట మిరియపు గింజంత ముక్క, దానికి మూడు కాళ్లు. మేమంతా గింజ అనేవాళ్లం. అది వెలగదు, వెచ్చబడదు. బతికినదానికీ చచ్చినదానికీ ఒకటే మొహం. అట్టాంటిదాన్ని ఎవరు నమ్ముతారయ్యా?

నెహెమ్యా పనంతా తలకిందులైంది. కుంపట్లో కాల్చి టంకం పెట్టే లావు కడ్డీ మూలపడింది. వేడి కాస్త ఎక్కువైతే ఆ గింజ చస్తుందట. సన్నటి కరెంటు కడ్డీ తెచ్చుకుని, గింజ కాలును పట్టకారుతో పట్టి, ఊపిరి బిగబట్టి అతికేవాడు. దగ్గరికెళ్లి వెలుగు చూసి రోగం చెప్పే మనిషి మళ్లీ బడిపిల్లాడిలా పుస్తకాలు ముందేసుకున్నాడు.

కారంపూడి మిరపతోట వీరయ్య ఇక్కడే ఉన్నాడు, కోప్పడడులే. ఒకరోజు చచ్చిన గింజను అరచేతిలో పెట్టుకుని వచ్చి, ‘ఏందయ్యా ఇంజనీరూ, ఇది చచ్చిందని ఎట్టా నమ్మాలి? మంచిదే పీకావేమో! ఏమే మణెమ్మా, నువ్వు చూశావా?’ అని కేకేశాడు. నేనేం చెప్పాలి? ‘పీకింది చూశా. చచ్చింది చూళ్లేదు’ అన్నా. బజారంతా నవ్వింది. నెహెమ్యా మొహం మాత్రం చిన్నబోలేదు. గడియారంలా ముల్లున్న మీటరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. గింజ కాళ్లకు వైర్లు ఒకవైపు తగిలిస్తే ముల్లు లేవాలి, తిప్పి తగిలిస్తే పడుకోవాలి. రెండువైపులా లేచినా, ఎటూ లేవకపోయినా చచ్చినట్టే అన్నాడు.

నేను ఊరుకుంటానా? ‘ఈ ముల్లు నిజం చెబుతుందని నీకెవరు చెప్పారు?’ అన్నా.

అప్పుడు నవ్వాడయ్యా మా నెహెమ్యా. ‘అత్తా, ఆ మాట అడుగుతావనే నిన్ను కూర్చోబెట్టుకుంది. ముందు ముల్లును అనుమానించు. తర్వాత సరుకును. ఆఖరికి నన్ను’ అన్నాడు. వైర్లు రెండూ ఒకదానికొకటి తాకించాడు, ముల్లు ఆ చివరిదాకా పోయింది. విడదీశాడు, మళ్లీ మొదటికొచ్చింది. ఆ తర్వాతే వీరయ్య గింజకు పెట్టాడు. రెండువైపులా లేచింది. వీరయ్య దాన్ని కండువా కొసకు ముడేసుకుని పోయాడు. మళ్లీ వచ్చేటప్పుడు బావమరిది రేడియో కూడా చంకన పెట్టుకొచ్చాడు. అవునా కాదా వీరయ్యా?

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. పోయిన వానాకాలం నుంచి నెహెమ్యా కళ్లకు పొరలు కమ్మాయి. అతను చెబుతుంటే కడ్డీ పట్టింది ఎవరు? ఇదిగో, అతని భార్య కరుణమ్మ. దొంగచాటుగానా? మీరంతా బల్ల మీద కూర్చుని చూస్తుండగానే. ఆమె అతికిన రేడియోలు మీ ఇళ్లల్లో మోగుతున్నాయా లేదా?

మరి అతన్ని మట్టిచేసి వచ్చిన మర్నాడే ఆ మాట ఎట్టా వచ్చింది? ‘అరలోని రేడియోల్లో గింజలు ఉన్నాయో, ఆవిడ పీకి అమ్ముకుందో’ అని. ‘బాగుకాకపోయినా సరే, సభ రోజే పట్టుకుపోదాం’ అని. ఎవరన్నారో నాకు తెలుసు. పేరు చెప్పను. ఇందాక గుంజ కింద నుంచి జరగమంటే జరగలేదు కూడా.

ఈ పూట మీరంతా రేడియోలు చంకన పెట్టుకుని పోతే ఏమవుద్దో తెలుసా? కొట్టుకు తాళం పడుద్ది. ఆమె పిల్లల కూడు అటుంచండి. ఇన్నేళ్లు మీ ముందు మూత తీసి పని చేసినవాడి పేరు దొంగ పేరు అవుద్ది. చచ్చినవాడు లేచి వచ్చి మీటరు పెట్టి చూపించలేడు కదా!

అనుమానించొద్దని నేననను. ఆ మాట నా నోట వస్తే కుక్క కూడా నవ్వుద్ది. అనుమానించండి. కానీ అతను నేర్పిన వరసలో అనుమానించండి. ముందు ముల్లును, తర్వాత సరుకును, ఆఖరికి మనిషిని. మీరు మనిషితో మొదలుపెట్టారు, అదీ మొగుడు పోయిన మనిషితో.

కరుణమ్మ బల్ల బయట వేసింది. మీటరు పెట్టింది. సభ అయ్యాక ఎవరి రేడియో వాళ్లు తెచ్చుకుని, మూతలు తీయించి, మీ కళ్లతో చూసుకోండి. ఆమె చేతిని నేను కూడా చూస్తుంటా. తేడా వస్తే ముందు అరిచేది నేనే. నా కడుపున పుట్టినది చేసినా అంతే. తేడా రాకపోతే మాత్రం మీ రేడియోను మీ చేత్తోనే తిరిగి అరలో పెట్టి, ‘అమ్మా, నిదానంగా బాగుచెయ్యి’ అని చెప్పి పోండి. నేనడిగేది అదే.

ఇక లేచి నిలబడదాం. చెప్పులు దూరంగా వదలకండి, కాళ్ల దగ్గరే పెట్టుకోండి. ఇస్మాయిల్, నాయనా, ఆ మైకు ఆపు, గుయ్యిమంటోంది. అందరూ తలలు వంచి, కళ్లు మూసుకుని, నెహెమ్యాను ఒక్కసారి మనసులో తలుచుకోండి.

నేను మాత్రం కళ్లు మూయను. అతని రేడియోలు అరలో ఉన్నాయి, అతను లేడు. కాపలా నాది.

లేవండి.