చెరుకు ట్రాలీ వెనుక జర్మనీ సైకిల్

బోధన్ దగ్గర చెరుకు కాంటా ముందు, ఒక జర్మనీ దొర సైకిల్‌ను తన ట్రాలీకి గొలుసుతో కట్టి తాళం వేశాడు ట్రాక్టర్ ముసలాయన. దాన్ని విడిపించడానికి నిజామాబాద్ నుంచి, ఆ దొర దిగిన లాడ్జి మేనేజర్ ఉరికొచ్చాడు.

“బాపు, ఆయన దొంగ కాదు. జర్మనీల పేరున్న సైకిల్ రేసుగాడు.”

“రేసుగాడైతే నన్ను దాటిపోవాలె గద! ఊరికాంచి నా ట్రాలీ తోకకే ఎందుకు అంటుకున్నడు? చెరుకు గుంజెటోడే గంత దగ్గరికొస్తడు.”

“గాలికి అడ్డముంటదని వచ్చిండు. రేసులల్ల గట్లనే ఒకని సాటుకు ఒకడు తొక్కుతరు.”

“ఎన్ని రేసులు గెలిసిండు?”

“ఒక్కటి గూడ లేదు.”

“పేరున్నోడంటివి?”

“గందుకే పేరు. తన జట్టోళ్ల ముంగట తొక్కుకుంట, గాలంతా తన రొమ్ముకే కొట్టించుకున్నడు. వెనుకున్నోళ్లు గెలిసిండ్రు. ఇప్పుడు రిటైరైనంక, మొదటిసారి నీ చెరుకు సాటుకు సుఖంగ తొక్కిండట.”

“కతలు మంచిగ చెప్తవ్. సరే, పరీచ్చ పెడత. చెరుకు దించి ఖాళీ ట్రాలీతోని మళ్లుత. దాని వెనుక గూడ గట్లనే అంటుకొని వస్తే రేసుగాడు. రాకపోతే దొంగ.”

“ఖాళీ ట్రాలీకి గాలెట్ల ఆగుతది బాపు? దాని వెనుక ఆయనెందుకొస్తడు!”

ముసలాయన తాళంచెవిని రుమాలు కొసకు ముడేసుకున్నాడు.

“సూసినవా, నీ నోటితోనే చెప్పినవ్. చెరుకుంటేనే వస్తడు.”