కూజా వద్దన్న ఫక్రుద్దీన్

జుబైల్‌లో మౌలా సాహెబ్ చాయ్ అమ్మే బూఫియా ముందర శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు అయినాక నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు పడతాయి, అందులో చేతులున్న కుర్చీ ఎప్పుడూ ఫక్రుద్దీన్‌ది. రాయచోటి నుంచి వచ్చి తనకు వీసా ఇచ్చిన కఫీల్, అంటే సౌదీ యజమాని, ఇంట్లో డ్రైవరుగా ఉన్న ఆ మనిషి నోరు తెరిస్తే కోతలే. ఆ కోతలకు గాలి తీసేది ఆయన అక్క కొడుకు ఇర్ఫాన్. మామూ ఎంత ఎత్తుకు ఎగిరితే అంత బాగా పడతాడని, చివరిదాకా ఓపిక పట్టి ఒక్క మాటతో పడగొట్టడం వాడికి అలవాటు. మౌలా సాహెబూ, చిత్తూరు వెల్డరు మునిస్వామీ ఆ ఒక్క మాట కోసమే కాచుకొని కూర్చుంటారు. ఆ శుక్రవారం కూడా అట్లాగే ఓపిక పట్టినందుకు ఇర్ఫాన్ ఇప్పటికీ తన్ను తాను తిట్టుకుంటాడు.

ఆ రోజు ఫక్రుద్దీన్ కొంచెం ఆలస్యంగా వచ్చినాడు. తలకు ఎర్ర గళ్ళ రుమాలు బిగించి కట్టుకున్నాడు. చాయ్ గ్లాసు తీసుకొని, తాగకుండా కణతకు ఆనించుకొని మొదలుపెట్టినాడు.

"ఈ పొద్దు కఫీల్ పిల్లోళ్ళిద్దర్నీ దమ్మాంలో మాలుకు తీసకపోయినా. లోపల మంచు హాలు. బయట ఎండకు తారు కరిగిపోతాంటే లోపల పండ్లు కొరుక్కునే చలి. స్కీయింగంట, కాళ్ళకు రెండు పొడుగు పలకలు కట్టుకొని వాలులో జారడం. చిన్నోడు భయపడి ఏడ్చినాడు. సరే, భయం తీరుద్దామని నేనే పలకలు కట్టుకున్నా. ఇంతలో గేటు కాడ మిస్రీ పిల్లోడు, అదే ఈజిప్టోడు, తన నెత్తి కొట్టుకుంటా, ఖూజా ఖూజా అని అరిచినాడు. వాని సవాలు ఏందో తెలుసా? తల మీద నీళ్ళ కూజా పెట్టుకొని జారగలవా అని."

మునిస్వామికి పొలమారింది. కూజా ఎందుకడుగుతాడన్నా అంటే, ఫక్రుద్దీన్ చెయ్యెత్తి ఆపి, వాళ్ళ ఊర్లో ఆడోళ్ళు కుండలు మోస్తారు కదా, ఆ లెక్కన అడిగింటాడని తేల్చేసినాడు. పిల్లోళ్ళ నెత్తిన ప్లాస్టిక్ గిన్నెలు బోర్లించినారంట, అవి చలికని అనుకున్నాడంట. తనకు కూజా గీజా ఏమీ వద్దని, రాయచోటోడు ఉత్త తలతోనే దిగుతాడని చెప్పి దిగినాడంట.

ఇర్ఫాన్‌కు లోపల నవ్వు ఉబికింది. ఆ మాట వాడు పని చేసే ప్లాంటు గేటు కాడ రోజూ వింటాడు. తలకు హెల్మెట్ లేకుండా ఎవడన్నా అడుగు పెడితే మిస్రీ సూపర్‌వైజరు 'ఖూజా యాడ' అని అరబ్బీలో ఊరంతా వినపడేట్టు అరుస్తాడు. ఖూజా అంటే కూజా కాదు, హెల్మెట్. అప్పుడే చెప్పేయొచ్చు. కానీ మామూ ఇంకా మోకాలెత్తు కూడా ఎగరలేదు, ఈ సూది చివర్లో గుచ్చుదామని నోరు మూసుకున్నాడు.

మామూ ఎగిరినాడు. వాలు దిగేసరికి కింద మంచు ఆవిరైపోయిందంట. ఆగుదామంటే కాళ్ళు మాట వినలేదంట. "ఆ తర్వాత ఏమైందో తెలుసా? మాలు అద్దాల తలుపులు మనిషిని చూస్తే వాటంతట అవే తెరుచుకుంటాయి కదా, నన్ను చూసి భయపడి తెరుచుకున్యాయి." అత్తరు షాపులోంచి దూరి, బయటపడి, హైవే మీదికి ఎక్కినాడంట. స్పీడు పట్టే సాహెర్ కెమెరా ఫోటో తీసి, నంబరు ప్లేటు కనపడక ఇకామా కార్డు చూపించమని బతిమాలిందంట.

"కెమెరాకు నోరుంటాదా సాహెబూ" అన్నాడు మౌలా సాహెబ్.

"నా స్పీడుకు వచ్చింది."

అక్కడి నుంచి ఎడారి. ఇసుక దిబ్బ ఎక్కితే ఒంటెలు పక్కకు జరిగి సలాం చేసినాయంట. హఫర్ అల్ బాతిన్ ఊరి కాడ మిలిటరీ వాళ్ళు ఏదో క్షిపణి వస్తాందని ఆకాశంలోకి చూస్తాంటే ఈయన వాళ్ళ కాళ్ళ సందులోంచి పోయినాడంట. మునిస్వామి కడుపు పట్టుకొని నవ్వినాడు. ఫక్రుద్దీన్ గొంతు మాత్రం ఎప్పటి మాదిరి లేవలేదు, మధ్య మధ్య కండ్లు మూసుకుంటాన్నాడు. నాటకం బాగా కుదిరిందిలే అనుకున్నాడు ఇర్ఫాన్.

"ఎదురుగా ఇనుప పోలు. తప్పుకునే దారి లేదు. ఈ తలకాయతోనే కొట్టినా. టంగుమని మోగింది, పోలు రెండుగా వంగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఆగినాడు. అందరూ ముందుకు వంగినారు. ఫక్రుద్దీన్ గ్లాసులోకి చూసి, మళ్ళా తలెత్తి, "ఈ పొద్దు కఫీల్ పిల్లోళ్ళిద్దర్నీ దమ్మాంలో మాలుకు తీసకపోయినా. లోపల మంచు హాలు" అని మొదట్నుంచి, ఒక్క అక్షరం తేడా లేకుండా అందుకున్నాడు.

మునిస్వామి చప్పట్లు కొట్టినాడు. కొత్త ఎత్తు అనుకున్నారంతా. ఇర్ఫాన్ కూడా ఇదే అదను అనుకొని కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"ఇది చెప్పినావులే మామూ. ఆ పిల్లోడు నిన్ను కూజా అడగలేదు. ఖూజా అంటే హెల్మెట్. తలకు పెట్టుకోరా నాయనా అని మొత్తుకున్నాడు."

నవ్వులతో బూఫియా ఎగిరిపోయింది. ఇట్లాంటప్పుడు ఫక్రుద్దీన్ పౌరుషంగా ఇంకో కోత కోసేవాడు, లేకుంటే నీ అబ్బ నేర్పించినాడా అరబ్బీ అని తిట్టేవాడు. ఆ పొద్దు మాత్రం చంటిబిడ్డ చూసినట్టు మేనల్లుణ్ణి చూసినాడు.

"ఆ తర్వాత ఏమైందో నీకు తెలుసా?" అన్నాడు. ఈసారి నిజంగా అడిగినాడు. "పోలుకు తగిలినాక ఏమైందో నాకు తెలీడం లేదురా. నన్ను ఈడికి ఎవరు తెచ్చినారు?"

చేతిలోంచి గ్లాసు జారింది, ఫక్రుద్దీన్ పక్కకు వంగి భళ్ళున కక్కుకున్నాడు. ఇర్ఫాన్ రుమాలు విప్పినాడు. చెవి పైన నిమ్మకాయంత వాపు, వెంట్రుకల్లో ఎండిన రక్తం. కండ్లల్లోకి చూస్తే ఒక కనుపాప చిన్నగా, ఇంకోటి పెద్దగా ఉంది. ఆ కథలో వాలు దిగినాక అంతా కోతే, తలకాయ కొట్టుకోవడం ఒక్కటే నిజం. ఆ నిజాన్నే అందరూ కోత అనుకున్నారు.

మామూ ఫోన్లోంచి కఫీల్ పెద్ద కొడుక్కు ఫోన్ చేస్తే వాడు భయం భయంగా చెప్పినాడు. వాలు అడుగున ఇనుప కంబానికి తల కొట్టుకొని కాసేపు కదలకుండా పడిపోయినాడంట. మళ్ళా లేచి నవ్వి, ఏమీ కాలేదని, బాబాకు, అంటే వాళ్ళ నాయనకు, చెప్పొద్దని ఒట్టు పెట్టించుకొని వాళ్ళను కార్లో ఇంటికి తెచ్చినాడంట. ఆ తలతో, ఆ హైవే మీద, ఇద్దరు పిల్లోళ్ళను వెనక కూర్చోబెట్టుకొని. మౌలా సాహెబ్ వింటా వింటా, యా అల్లా అని నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

అంబులెన్సు కోసం కాచుకునే ధైర్యం ఎవరికీ లేదు, ఆసుపత్రి పక్క వీధిలోనే. మునిస్వామి బండి తీసినాడు. వెనక సీట్లో మామూ తల కదలకుండా రెండు చేతులతో పట్టుకొని కూర్చున్నాడు ఇర్ఫాన్. రెప్పలు మూతలు పడుతున్నాయి. చిన్నప్పట్నుంచి ఈ మనిషి చెప్పిన ప్రతి కథకూ చివర్లో గాలి తీసినవాడు, ఇప్పుడు చెవిలో బతిమాలుతున్నాడు.

"చెప్పు మామూ. ఒంటెలు సలాం చేసినాయి. మిలిటరీ వాళ్ళు చూసినారు. ఆ తర్వాత ఏమైంది? చెప్పు, నేను అడ్డం రాను."

ఎమర్జెన్సీ తలుపులు వాటంతట అవే తెరుచుకున్నాయి. స్ట్రెచరు మీదికి ఎక్కిస్తాంటే ఫక్రుద్దీన్ పెదాలు కదిలినాయి. ఇర్ఫాన్ చెవి ఆనించినాడు.

"పోలు... వంగింది కదరా?"

"వంగింది మామూ" అన్నాడు ఇర్ఫాన్. "రెండుగా వంగింది. నా కండ్లతో నేను చూసినా."